మొదటి సంవత్సరం ఇంగ్లీషు తరగతి నుంచి విద్యార్థులు నిజంగా కోరుకునేది ఏమిటి?

ప్రశ్న: పాలమూరు అధ్యాపకురాలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఈ సంవత్సరమే ఇంగ్లీషు అధ్యాపకురాలిగా చేరాను. మొదటి సంవత్సరం బీఏ, బీకాం, బీఎస్సీ విద్యార్థులకు వారానికి నాలుగు పీరియడ్లు చెబుతున్నాను. ఒక్కో సెక్షన్‌లో సుమారు 60 మంది ఉంటారు. చుట్టుపక్కల మండలాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు కొందరు, సంక్షేమ వసతిగృహాల్లో ఉండి చదువుకునేవారు కొందరు. పదో తరగతి వరకో, ఇంటర్ వరకో తెలుగు మాధ్యమంలో చదివినవారి పక్కనే, అదే బెంచీ మీద, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు కూడా కూర్చుంటారు.

పాఠ్యపుస్తకం తెరవక ముందే, ఈ తరగతి నుంచి మీరు ఏమి ఆశిస్తున్నారో రాసి ఇవ్వమని మొదటి వారంలో అందరికీ చీటీలు పంచాను. ఇంగ్లీషు తరగతి కదా అని ఇంగ్లీషులోనే రాయమన్నాను. అన్ని చీటీల్లోనూ దాదాపు ఒకే వాక్యం వచ్చింది: ‘ఐ వాంట్ టు ఇంప్రూవ్ మై కమ్యూనికేషన్ స్కిల్స్.’ ఎక్కడో విని గుర్తు పెట్టుకున్న వాక్యాన్ని అందరూ అప్పజెప్పారని నాకు అర్థమైంది. మరునాడు మళ్లీ చీటీలు ఇచ్చి, ఈసారి తెలుగులో రాయమని, పేరు రాయనక్కరలేదని చెప్పాను. ఇంటికి తీసుకువెళ్లి చదువుతూ ఉంటే రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

‘కెమిస్ట్రీ సారు చెప్పేది అర్థమయ్యేంత ఇంగ్లీషు వస్తే చాలు’ అని ఒకరు రాశారు. ‘గ్రూప్-1లో జనరల్ ఇంగ్లీషు క్వాలిఫై కావాలి’ అని మరొకరు. ‘గ్రామర్ మొదటి నుంచి చెప్పండి, నాకు ఏదీ రాదు’ అన్నవారు చాలామంది ఉన్నారు. ‘మా ఇంట్లో మొదట డిగ్రీ చదువుతున్నది నేనే, నేను నేర్చుకుంటే మా చెల్లెలికి చెప్పగలను’ అని ఒక చీటీ. ‘తప్పు మాట్లాడితే ఎవరూ నవ్వకుండా చూడండి’ అని నాలుగైదు చీటీల్లో వేర్వేరు మాటల్లో ఉంది. ‘పాస్ చేయించండి మేడమ్’ అన్నవారూ ఉన్నారు, వారిని నేను తప్పుపట్టను. ఇంగ్లీషు మాధ్యమం నుంచి వచ్చిన ఒకరు మాత్రం, ఇంటర్‌లో చేసిన వ్యాకరణమే మళ్లీ చేయిస్తే తరగతికి రావాలనిపించదని, చర్చలు పెట్టమని కోరారు.

ఇన్ని కోరికల మధ్య నేను దేనితో మొదలుపెట్టాలి? పాఠ్యప్రణాళికను పక్కన పెట్టలేను, సెమిస్టర్ పరీక్ష ఎలాగూ ఉంటుంది. ఈ పిల్లలు ‘మాట్లాడటం రావాలి’ అన్నప్పుడు దాన్ని యథాతథంగా తీసుకోవాలా, లేక ఆ మాట వెనుక ఇంకేదైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు. చదువుకుంటున్న విద్యార్థులు ఎవరైనా ఈ ప్రశ్న చూస్తే, దయచేసి మొహమాటపడకుండా రాయండి. మీ మాటే నాకు ఎక్కువ ఉపయోగం.

జవాబు: విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు, హనుమకొండ

అమ్మా, రెండోసారి తెలుగులో అడిగారు చూడండి, సగం పని అక్కడే చేశారు. ముప్పై సంవత్సరాలకు పైగా డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పిన నేను ఆ సంగతిని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఏ భాష రాదని పిల్లవాడు మన దగ్గరకు వచ్చాడో ఆ భాషలోనే అతని మనసులోని మాట చెప్పమని అడిగితే, అతనికి వచ్చిన ఒక్క వాక్యమే చెబుతాడు. ఆ వాక్యాన్ని పట్టుకుని మనం ఏడాదికి ప్రణాళిక వేస్తాం.

ప్రత్యేక అవసరాల కోసం ఇంగ్లీషు నేర్పే పద్ధతుల మీద టామ్ హచిన్సన్, అలన్ వాటర్స్ 1987లో రాసినదాన్ని హైదరాబాద్‌లో శిక్షణకు వెళ్లినప్పుడు చదివాను. నేర్చుకునేవాడి అవసరం వేరు, అతనిలో ఉన్న లోటు వేరు, అతని కోరిక వేరు అని వారు విడదీసి చూపారు. మీ చీటీలను ఈ మూడు సంచుల్లో వేసి చూడండి. ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అన్నది కోరిక. కెమిస్ట్రీ పాఠం అర్థం కావడం అవసరం, అదీ రేపటి ఉదయానికే కావలసిన అవసరం. వ్యాకరణం మొదటి నుంచి చెప్పమన్న పిల్లవాడు తన లోటుకు తనకు తెలిసిన పేరు పెట్టాడు. ఆ పేరు సరైనదా కాదా అన్నది మీరు కనిపెట్టాలి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లి చూడటం మంచిది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఇంగ్లీషును అందరికీ తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఇంటర్‌కూ డిగ్రీకీ తెలుగులో పాఠ్యపుస్తకాలు వచ్చాక, మా కాలంలో చరిత్ర, అర్థశాస్త్రం, భౌతికశాస్త్రం కూడా తెలుగులో చదివి డిగ్రీ పూర్తి చేసినవారు లక్షల్లో ఉన్నారు. వారికి ఇంగ్లీషు ఒక పేపరు. దాటితే చాలు, మిగిలిన చదువంతా సొంత భాషలో సాగిపోయేది. ఇప్పుడు మీ దగ్గర కూర్చున్నవారి పరిస్థితి అది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ చదువు మొత్తాన్ని ఇంగ్లీషు మాధ్యమానికి మార్చారు. తెలంగాణలోనూ తెలుగు మాధ్యమం సెక్షన్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. అంటే మిగిలిన పాఠ్యాంశాలన్నింటిలోకి వెళ్లే వాకిలి ఇంగ్లీషే అయింది. అయినా చాలా కళాశాలల్లో మనం దాన్ని పాత పేపరులాగానే చెబుతున్నాం: పద్యం, దాని సారాంశం, గైడులోని ప్రశ్నలు, జవాబులు. పిల్లలు ఆశిస్తున్నదానికీ మనం ఇస్తున్నదానికీ మధ్య దూరం ఇక్కడే మొదలైందని నా నమ్మకం.

వ్యాకరణం మొదటి నుంచి చెప్పమన్నవారి గురించి ఒక మాట. వారికి ఆరో తరగతి నుంచి ఏటా కర్త, కర్మ, క్రియ దగ్గరే మొదలుపెట్టి చెబుతూనే ఉన్నారు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అక్కడే ఆగిపోతారు. వారిని ఇబ్బంది పెట్టేది నియమం తెలియకపోవడం కాదు, రెండు భాషల నడక వేరు కావడం. తెలుగులో ‘నిన్న మనం ల్యాబ్‌లో తయారుచేసిన ద్రావణం’ అంటాం. వివరమంతా ముందు వచ్చి, చివరికి ద్రావణం వస్తుంది. ఇంగ్లీషులో ‘ద సొల్యూషన్’ అని ముందే అనేసి, ‘విచ్ వియ్ ప్రిపేర్డ్ ఇన్ ద ల్యాబ్ యెస్టర్‌డే’ అని వివరాన్ని వెనుక తగిలిస్తారు. వాక్యం చివర ముఖ్యమైన మాట కోసం ఎదురుచూసే తెలుగు చెవికి ఆ మాట ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అలాగే మనం ‘ఉప్పును నీటిలో కరిగిస్తాం’ అంటాం, ‘కరిగించబడుతుంది’ అని ఇంట్లో ఎవరూ అనరు. సైన్సు పుస్తకంలో మాత్రం ఇంగ్లీషు వాక్యాలు పేజీ నిండా అలాగే ఉంటాయి. కర్మణి ప్రయోగాన్ని మార్చి రాయమని మనం పరీక్షలో అడుగుతాం. దాన్ని చదివి, ఎవరు ఏమి చేశారో తెలుసుకోవడం మాత్రం నేర్పం. ఈ రెండు సంగతుల మీదే నాలుగు పీరియడ్లు గడపండి. అదీ వ్యాకరణమే, అయితే వారికి మరునాడే పనికొచ్చే వ్యాకరణం.

మొదటి నెలలో ఒక చిన్న పని చేయమని నా సలహా. మీ సహోద్యోగుల అనుమతితో, వారి తరగతిలో ఐదు నిమిషాల పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేయండి. మీ తరగతిలో వినిపించి, అర్థమైనది తెలుగులో రాయమనండి. చీటీలో ఎవరు ఏమి కోరారన్నది ఒక ఎత్తు, ఈ కాగితం మీద ఎవరికి ఏమి అందిందన్నది మరొక ఎత్తు. నేను ఈ పని మొదటిసారి చేసినప్పుడు, బాగా మాట్లాడతారని నేను అనుకున్న ఇద్దరు కుర్రవాళ్లకు పాఠం సగం కూడా అందలేదు. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి దాదాపు మొత్తం రాసింది.

జవాబు: బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని

మేడమ్ గారికి నమస్కారం. నేను పదో తరగతి వరకు జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంటర్ కూడా తెలుగులోనే. దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల్లో) సీటు వచ్చిన కళాశాలలో మా గ్రూపుకు ఇంగ్లీషు మాధ్యమం ఒక్కటే ఉంది. మీరు విద్యార్థులను రాయమన్నారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

మొదటి నెలలో నాకు పాఠాలు కష్టంగా అనిపించలేదు, అసలు పాఠం ఏదో తెలియలేదు. ద్రవ్యవేగం అంటే నాకు బాగా తెలుసు, దాని మీద లెక్కలు కూడా చేయగలను. సార్ ‘మొమెంటమ్’ అంటూ ఉంటే అది కొత్త విషయమని అనుకుని వారం రోజులు భయపడ్డాను. కిరణజన్య సంయోగక్రియ మొత్తం బొమ్మతో సహా వేయగలిగిన నేను ‘ఫోటోసింథసిస్’ అన్న ప్రశ్న ముందు ఖాళీ కాగితం ఇచ్చి వచ్చాను. తెలిసినది కూడా తెలియనట్టు అయిపోవడం ఎంత బాధో చెప్పలేను. అప్పుడు ఇంగ్లీషు తరగతిలో ఎవరైనా, నీకు ఇది వచ్చు, దీని పేరు మాత్రమే మారింది అని చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది.

మాట్లాడటం రావాలని నేను కూడా మొదటి సంవత్సరంలో రాసి ఇచ్చాను. అప్పుడు నా మనసులో ఉన్నది ఉపన్యాసం ఇవ్వడం కాదు. పాఠం మధ్యలో లేచి, సార్, ఇది అర్థం కాలేదు, ఇంకొకసారి చెప్పండి అని అడగగలగడం. ఆ ఒక్క వాక్యం నాకు ఇంగ్లీషులో రాదని కాదు. అడిగాక సార్ తిరిగి ఇంగ్లీషులో ఏదైనా ప్రశ్న వేస్తే ఏం చేయాలన్న భయం. ఆ భయంతో మొదటి సెమిస్టర్ మొత్తం ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు.

ఒకసారి తరగతిలో పాఠం చదవమన్నారు. నేను ‘డెట్’ అన్న మాటను రాసి ఉన్నట్టే ‘డెబ్ట్’ అని చదివాను. వెనుక బెంచీలో నవ్వు వినిపించింది. రాసిన ప్రతి అక్షరాన్నీ పలికే భాషలో పుట్టిన మాకు, రాసి కూడా పలకని అక్షరం ఉంటుందని ఎలా తెలుస్తుంది మేడమ్? ఆ తర్వాత రెండు నెలల పాటు, నన్ను చదవమంటారేమోనన్న భయంతో ఆ పీరియడ్‌కు వెళ్లకుండా లైబ్రరీలో కూర్చున్నాను. మీ చీటీల్లో ‘నవ్వకుండా చూడండి’ అని రాసిన వాళ్లు నా లాంటి వాళ్లే. దయచేసి ఆ చీటీలను అన్నింటికంటే పైన పెట్టండి.

రెండో సెమిస్టర్‌లో వేరే మేడమ్ వచ్చారు. ఆమె మమ్మల్ని నలుగురు నలుగురుగా విడదీసి, ఇంటి దగ్గర ఒక నిమిషం మాట్లాడి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా తనకు ఒక్కరికే పంపమన్నారు. మొదటి మెసేజ్‌ను నేను పదకొండు సార్లు చెరిపి మళ్లీ చెప్పాను. అమ్మ వంట చేయడం గురించి మాట్లాడాను. మేడమ్ తప్పులన్నీ చెప్పలేదు, ఒకే ఒక్కటి చెప్పి, మిగిలినది బాగుందని తిరిగి వాయిస్‌లోనే పంపారు. వారానికి ఒకటి చొప్పున సెమిస్టర్ చివరి వరకు పంపాను. ఇప్పుడు కూడా తప్పులు లేకుండా మాట్లాడలేను, కాని మాట్లాడతాను.

ఒక చిన్న విన్నపం కూడా. మాకు అర్థం కావాలని తరగతి మొత్తం తెలుగులో చెప్పేయకండి. పదో తరగతి వరకు మాకు ఇంగ్లీషు పాఠం కూడా తెలుగులోనే చెప్పారు, అందుకే వినడం రాలేదు. కష్టమైన చోట ఒక్కసారి తెలుగులో చెప్పి, వెంటనే మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లండి. బోర్డు మీద ముఖ్యమైన మాటలు రాయండి. మాకు అది చాలు.

జవాబు: కామర్స్ అధ్యాపకుడు, శ్రీకాకుళం జిల్లా

మేడమ్ గారూ, నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి కాను, మీ తరగతి నుంచి నా తరగతికి వచ్చే పిల్లలకు అకౌంటెన్సీ చెప్పేవాణ్ణి. అందుకే, పై అమ్మాయి రాసినది చదివాక నేను కూడా రాయాలనిపించింది.

ఇంటర్ సీఈసీ తెలుగులో చదివి వచ్చిన మా పిల్లలకు చిట్టా, ఆవర్జా, అంకణా, తరుగుదల, ఆస్తి అప్పుల పట్టీ అన్నీ వచ్చు. చేతి వేగం కూడా బాగుంటుంది. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, డిప్రీసియేషన్, బ్యాలెన్స్ షీట్ అనగానే ఆగిపోతారు. ఆ పేర్ల సంగతి నెలలో సర్దుకుంటుంది. ఒక కాగితం మీద రెండు వరుసలుగా రాసి గోడకు అంటిస్తే, మళ్లీ దాని అవసరం రాదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తెలిసినట్టే కనిపించే మామూలు మాటలు.

ఒక ఉదాహరణ చెబుతాను. లెక్కలో ‘అవుట్‌స్టాండింగ్ శాలరీస్’ అని వస్తుంది. ఈ మాట పిల్లలకు తెలుసు. ‘అవుట్‌స్టాండింగ్ స్టూడెంట్’ అని బహుమతి పత్రాల మీద చూశారు, గొప్ప అని అర్థం చెప్పుకున్నారు. అందుకని అవి చాలా ఎక్కువ జీతాలని అనుకుంటారు. అవి ఇంకా చెల్లించని జీతాలని, కాబట్టి అప్పుల వైపు కూడా చూపాలని వారికి తట్టదు. లెక్క తప్పుతుంది. నేను సున్నా వేస్తాను. ఆ సున్నా అకౌంటెన్సీకా, ఇంగ్లీషుకా? ‘గుడ్స్ విత్‌డ్రాన్ బై ద ప్రొప్రైటర్ ఫర్ పర్సనల్ యూజ్’ అన్న ఒక్క పంక్తిలో ఎవరు, ఏమి, ఎందుకు తీసుకున్నారో విడదీయలేక, యజమాని సరుకు అమ్మాడని రాసినవారు నా తరగతిలో ఏటా ఉంటారు. హనుమకొండ పెద్దాయన చెప్పిన వాక్యం నడక ఇదే. అదే లెక్క తెలుగులో ఇస్తే వీరిలో చాలామంది ఒక్క తప్పు లేకుండా చేస్తారు. చేయించి చూశాను.

కాబట్టి నా అభ్యర్థన ఒక్కటే. మీ తరగతిలో చదివించే నాలుగు పేరాల్లో ఒక్కటైనా మా పుస్తకాల నుంచి తీసుకోండి. ఒక వారం కామర్స్ లెక్క, ఒక వారం వృక్షశాస్త్రం, ఒక వారం రాజనీతిశాస్త్రం. పిల్లలు ‘ఇంగ్లీషు రావాలి’ అని మీతో అంటున్నారు. నాతో అనేది మాత్రం, సార్, లెక్క వచ్చు కాని ప్రశ్న అర్థం కాలేదు అని. ఈ రెండూ ఒకే మాట అని నాకు అనిపిస్తుంది.

మరొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇంగ్లీషు బాగా రాని అధ్యాపకులం మేం కూడా ఉన్నాం. తెలుగులో చదివి, తెలుగులో చెప్పి, హఠాత్తుగా ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడు మేం పుస్తకంలోని వాక్యాన్ని చదివి వినిపించి సరిపెట్టుకున్న రోజులు ఉన్నాయి. పిల్లలకు అర్థం కాకపోవడంలో మా వంతు ఉంది.

జవాబు: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

అందరికీ నమస్కారం. నేను జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో ఇంజినీరింగ్ చదివాను. ఇప్పుడు మా సంస్థ తరఫున క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళుతూ ఉంటాను. పై ముగ్గురి మాటలతో ఏకీభవిస్తూనే, ఒక విషయంలో విభేదిస్తున్నాను.

వినడం, చదవడం ముందు రావాలి, మాట్లాడటం తర్వాత చూసుకోవచ్చు అన్న అర్థం ఈ చర్చలో నాకు కనిపిస్తోంది. ఎవరూ సూటిగా అలా అనలేదు, కాని పాఠ్యప్రణాళికలో అది చివరికి అలాగే తేలుతుంది. తర్వాత అన్నది ఎన్నటికీ రాదు. మొదటి సంవత్సరంలో మాట్లాడనివాడు మూడో సంవత్సరంలోనూ మాట్లాడడు, అప్పటికి అతనికి మాట్లాడకుండా బతకడం అలవాటై ఉంటుంది. మాకు మొదటి సంవత్సరంలో తరగతితో పాటు లాంగ్వేజ్ ల్యాబ్ ఉండేది. ఏదో ఒక అంశం ఇచ్చి ఒక నిమిషం ఆగకుండా మాట్లాడమనేవారు. చాలామందికి అది శిక్షలా ఉండేది. నాకు కూడా చెమటలు పట్టేవి. అయినా ఆ ఒక్క గంట లేకపోతే నేను ఈ రోజు ఈ ఉద్యోగంలో ఉండేవాణ్ణి కాదు.

అయితే ఎలాంటి మాట అన్నది చూడాలి. ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే ప్రతి విద్యార్థీ రెండు నిమిషాలు అనర్గళంగా చెబుతాడు: పేరు, ఊరు, తండ్రి వృత్తి, బలాలు, బలహీనతలు. అంతా కంఠస్థం. వ్యవసాయం చేస్తామన్నావు కదా, ఈసారి ఏ పంట వేశారు అని నేను ఇంగ్లీషులో అడుగుతాను. గొంతులో వెలక్కాయ పడినట్టు ఆగిపోతాడు. తన ఇంటి పంట గురించి అతనికి తెలియనిది ఏమీ లేదు. తెలుగులో అడిగితే విత్తనం నుంచి మార్కెట్ యార్డు దాకా చెబుతాడు. అతనికి రానిది ఆ రెండో ప్రశ్న. నేర్పవలసింది ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడాన్నే అని నా మనవి. ఎవరైనా ఏదైనా చెప్పాక, పక్కవారు దాని మీదే ఇంకొక ప్రశ్న అడగాలని నియమం పెట్టండి. బట్టీ పట్టినది అక్కడ పనికి రాదు.

ఆ ఇంగ్లీషు మాధ్యమం విద్యార్థి చర్చలు పెట్టమని అడగడం కూడా న్యాయమైన కోరికే. అతనిని ఇతరులకు దిద్దే పంతులుగా వాడుకుంటే నలుగురి మధ్య దూరం పెరుగుతుంది. రెండో ప్రశ్నలు అడిగే పని అతనికి ఇస్తే అతనికీ పని దొరుకుతుంది, పక్కవాడికీ సాధన దొరుకుతుంది.

జవాబు: విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు, హనుమకొండ

ఉద్యోగి మిత్రుని అభ్యంతరం సబబే, నేను మాట్లాడటాన్ని వెనక్కి నెట్టినట్టు ధ్వనించి ఉంటే దిద్దుకుంటున్నాను. ఐదు నిమిషాల రికార్డు విని తెలుగులో రాశాక, దాని మీద ఒక సందేహాన్ని ఇంగ్లీషులో అడగమనండి. బీఎస్సీ అమ్మాయి కోరుకున్న మాట, ఈయన అడిగే రెండో ప్రశ్న, రెండూ అక్కడ కలుస్తాయి. పద్యాలను, కథలను మాత్రం పూర్తిగా తీసివేయకండి. ‘పాస్ చేయించండి’ అన్న పిల్లవాడే ఒక మంచి కథ విన్నాక, తర్వాత ఏమైందని తెలుగులోనైనా సరే అడుగుతాడు. నా తరగతుల్లో నేను చూసిన శ్రద్ధలో చాలా భాగం అలాంటి రోజుల్లోనిదే.

ప్రశ్న వేసినవారి నుంచి: పాలమూరు అధ్యాపకురాలు

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. చేసి చూశాకే రాయాలని ఆగాను.

వృక్షశాస్త్రం మేడమ్ గారు, కామర్స్ సార్ పాఠాలు రికార్డు చేసుకోవడానికి సంతోషంగా ఒప్పుకున్నారు. బీఎస్సీ సెక్షన్‌లో వినిపించి, అర్థమైనది తెలుగులో రాయించాను. పెద్దలు చెప్పినట్టే, నా అంచనాలు చాలా తారుమారయ్యాయి. మాటలు తెలియక ఆగిపోయినవారు నేను అనుకున్నంతమంది లేరు. మాటలు తెలిసినా, వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకోలేక వదిలేసినవారు చాలామంది ఉన్నారు. అందుకని రెండు పీరియడ్లు వాక్యాలను విరిచి చదవడం మీదే గడిపాను. ‘విచ్’ అన్న చోట ఒక గీత గీసి, గీతకు ఇవతల ఏమి ఉంది, అవతల ఏమి ఉంది అని అడిగాను. వ్యాకరణం మొదటి నుంచి చెప్పమన్నవారిలో ఒకరు, ఇదే గ్రామర్ అయితే రోజూ చెప్పండి మేడమ్ అన్నారు.

తెలంగాణలో 2023–24 నుంచి ఇంటర్ ఇంగ్లీషులో 20 మార్కులకు ప్రాక్టికల్స్ పెట్టారు కనుక, ఈ సంవత్సరం వచ్చిన విద్యార్థులు కొంత మాట్లాడే సాధన చేసి ఉంటారని నేను మొదట్లో ఆశపడ్డాను. అడిగితే కొందరికి నిజంగా ఉపయోగపడిందని తెలిసింది. కొందరు మాత్రం ఒక సంభాషణను నేర్చుకుని అప్పజెప్పామని చెప్పారు. రెండో ప్రశ్న నియమం పెట్టాక ఈ తేడా మొదటి రోజే కనిపించింది. నలుగురి బృందాల్లో ఒకమ్మాయి తమ ఊరి జాతర గురించి మూడు వాక్యాలు చెప్పింది. పక్కన ఉన్న అబ్బాయి ‘హౌ మెనీ డేస్?’ అని అడిగాడు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి ‘త్రీ డేస్, బట్ మై గ్రాండ్‌మదర్ సేస్ ఫైవ్’ అంది. బృందమంతా నవ్వింది, ఆ అమ్మాయి కూడా నవ్వింది. చీటీలో భయపడిన నవ్వు అది కాదు.

వాయిస్ మెసేజ్‌ల విషయంలో ఒక చిక్కు ఎదురైంది. సొంత ఫోన్ లేని అమ్మాయిలు ప్రతి సెక్షన్‌లోనూ ఉన్నారు. అన్న ఫోన్ నుంచి పంపాలంటే ఇంట్లో అందరి ముందు మాట్లాడాలి, అది తరగతి కంటే కష్టమని ఒకరు చెప్పారు. వారి కోసం మధ్యాహ్నం విరామంలో నా ఫోన్ ఇచ్చి, పక్క గదిలో ఒంటరిగా రికార్డు చేసుకోమంటున్నాను. ఇప్పటికి తొమ్మిది మంది వస్తున్నారు. మూడు సెక్షన్ల మెసేజ్‌లన్నీ వినడం నా ఒక్కదాని వల్ల కావడం లేదు. వారానికి ఒక సెక్షన్ చొప్పున వంతులు పెట్టుకున్నాను. దీనికి ఇంకా మంచి మార్గం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నిన్న మళ్లీ చీటీలు పంచాను. అదే ప్రశ్న, తెలుగులో, పేరు లేకుండా. ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అన్న మాట ఈసారి రెండు మూడు చీటీల్లోనే ఉంది. మిగిలినవారు చిన్న చిన్న పనులు అడిగారు: బ్యాంకులో ఫారం నింపడం, స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో వచ్చే తప్పు సందేశాన్ని చదవడం, హాస్టల్ వార్డెన్‌కు ఉత్తరం రాయడం, ఫిజిక్స్ సార్‌ను సందేహం అడగడం. వీటితో వచ్చే నెల పీరియడ్లకు పని దొరికింది. శ్రీకాకుళం సార్‌కు ఒక మనవి: ‘అవుట్‌స్టాండింగ్’ లాగా తెలిసినట్టే కనిపించి దారి తప్పించే మాటలు మీ లెక్కల్లో ఇంకా ఏవేవి వస్తాయో, వీలైతే ఒక పేజీ రాసి ఇక్కడ పెట్టండి. సోమవారం బీకాం సెక్షన్‌లో ఆ పేజీతోనే మొదలుపెడతాను.